తాడుకు ఇచ్చిన జవాబు

బావిలో బొక్కెన నిండేటప్పుడు తాడు ఒక్కసారి కిందికి గుంజుతుంది. నీళ్ళు చేదే వాళ్ళందరికీ తెలిసిందే. బొక్కెన అంచు మునిగి నీళ్ళు ఒక్కసారే లోపలికి దూకినప్పటి బరువు అది. మా చిన్నాయన కృపానందం మాత్రం ఆ గుంజుడు రాగానే చేదడం ఆపి, తాను కూడా తాడును ఒక్కసారి గుంజేవాడు. ఎవరో పిలిస్తే పలికినట్టు. తరువాత తాడు అలాగే పట్టుకొని బావిలోకి చూస్తూ నిలబడేవాడు.

"ఏందయ్యా, బాయితోని ముచ్చట పెడ్తానవా? జర జల్ది కానియ్యి" అనేవారు వెనక బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు.

అది 1977 ఎండాకాలం. చిన్నాయన సముద్రం నుంచి మడికొండకు తిరిగివచ్చి నెల రోజులైంది. నాకు పన్నెండేళ్ళు. నాలుగు రోజులు చూసి మా నాయనమ్మ రత్నమ్మ, "లిదియా, ఇగ నీళ్ళకు నువ్వే పో. వాణ్ని పంపకు" అంది. ఆ ఏడే ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. అమ్మ లేదు. నాయనమ్మకు చూపు తగ్గింది. నాన్న రైల్వే గ్యాంగులో బలార్షా వైపు పనిచేస్తూ నెలకోసారి వచ్చేవాడు. నీళ్ళూ పొయ్యీ నా చేతికి వచ్చాయి. చిన్నాయనను కనిపెట్టి ఉండడం కూడా నా పనే అయింది.

సముద్రానికి పోకముందు చిన్నాయన బావి పనివాడు. ఆయనా, రఘునాథపల్లి కట్టయ్యా ఒకే ముఠా. పూడిక తీసేవారు, బండ పగలగొట్టేవారు, నీళ్ళలో పడిన మోటర్లను పైకి తీసేవారు. ముఠాలో అందరికంటే లోతుకు దిగేది వాళ్ళిద్దరే. ఒకరు దిగితే తాడు రెండోవాడే పట్టాలి. ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు. కట్టయ్య రెండున్నర నిమిషాలు ఊపిరి బిగబట్టేవాడట. గట్టు మీద ఎవరో ఒకరు అంకెలు లెక్కపెట్టేవారు. నూరు దాటేసరికి లెక్కపెట్టేవాడికే ఆయాసం వచ్చేదట.

డెబ్బై ఆరు క్రిస్మస్‌కు సుందర్ రావు గారు సెలవు మీద వచ్చారు. కాజీపేట మనిషి, మా చర్చికే వచ్చేవారు. సముద్రంలోని జీవుల గురించి పెద్ద చదువు చదివి, లక్షదీవుల్లో పగడపు దిబ్బలను కొలిచి రాసే పనిలో ఉన్నారు. వీళ్ళిద్దరూ ఒక బావిలోంచి మోటరు తీయడం గట్టు మీద నిలబడి చూశారు.

"చదువుకున్న పిల్లలు వస్తున్నరు, నీళ్ళు చూసి వణుకుతున్నరు. మీలాంటి వాళ్ళే నాకు కావాలె. గాలి సిలిండరు కట్టుకొని దిగుడు నేను నేర్పిస్త" అన్నారు.

కట్టయ్య తల్లి భద్రమ్మకు అతను ఒక్కడే కొడుకు. వద్దంది. ఏడ్చింది, తిట్టింది, రెండు రోజులు అన్నం తినలేదు. బయలుదేరే పొద్దున కట్టయ్య సంచి భుజాన వేసుకొని "పోతాననే అవ్వా" అంటే, ఆమె చాట దించకుండానే "పో" అంది.

గడప దాటే మనిషిని మన దగ్గర ఎవరూ అలా అనరు. గిట్టనివాణ్ని కూడా "పోయి రా" అంటారు. కట్టయ్య ఆ రెండో మాట కోసం కాసేపు నిలబడి చూశాడట. అది రాలేదు. వెళ్ళిపోయాడు.

నేను మధ్యాహ్నాలు బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుంటే చిన్నాయన ఎదురుగా కూర్చొని అక్కడి సంగతులు ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. ఎవరైనా అడిగితే చెప్పేవాడు కాదు. నేను అడగను కాబట్టి నాకు చెప్పేవాడనుకుంటాను.

దీవి చుట్టూ పగడపు దిబ్బ కోటగోడలా ఉంటుందట. లోపలి నీళ్ళు అలల్లేకుండా చెరువులా ఉంటాయట. మొదట అక్కడ నడుము లోతులో కూర్చోబెట్టి నేర్పారు. కళ్ళకూ ముక్కుకూ కలిపి ఒక అద్దం పెట్టుకోవాలి. మసకబారకుండా దానికి లోపల ఉమ్మి రుద్దాలి. "సముద్రం మీద ఉమ్మితే తప్పుగాని అద్దంల ఉమ్మితే తప్పు లేదా సార్" అని కట్టయ్య నవ్వాడట. వీపుకు గాలి సిలిండరు, కాళ్ళకు బాతు కాళ్ళలాంటి రబ్బరు చెప్పులు, పళ్ళ మధ్య ఒక రబ్బరు ముక్క. గాలి పీలిస్తే బుసకొట్టినట్టు వస్తుంది. వదిలితే బుడగలు చెవుల పక్క నుంచి గలగలమంటూ పైకి పోతాయి. దిగేకొద్దీ చెవుల్లో పోటు వస్తుంది, ముక్కు మూసి లోపలే గాలి ఊదాలి. అద్దంలోకి కావాలనే నీళ్ళు రానిచ్చి, ముక్కుతో గాలి వదిలి మళ్ళీ బయటికి పంపాలి. ఇవన్నీ ఇద్దరికీ పది రోజుల్లో వచ్చాయి.

రానిది ఒకటే. సుందర్ రావు గారు ప్రతి పొద్దునా పడవ ఎక్కేముందు అదే చెప్పేవారట. "బాయిని మర్చిపోండి."

బావిలో ఊపిరి బిగబట్టడమే విద్య. సముద్రంలో అదే తప్పు. లోతులో పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే అది ఉబ్బి ఊపిరితిత్తులను చీలుస్తుంది. బావిలో కళ్ళు పనికిరావు, చేతులతో తడిమి పని చేయాలి. అక్కడ చేతులు కట్టుకొని కళ్ళతోనే చూడాలి. పగడం కత్తిలా కోస్తుంది. రాయి అనుకొని చెయ్యి వేస్తే విషపు ముళ్ళ చేప కావచ్చు. కట్టయ్య చేతులు ఊరుకునేవి కావు. అన్నిటినీ ముట్టుకొని, అరచేతులు నెత్తురు చేసుకొని పైకి వచ్చేవాడు. ఒకరోజు సుందర్ రావు గారు అతని రెండు చేతులకూ తువ్వాల కట్టి దింపారట. పైకి వచ్చాక కట్టయ్య, "ఇగ జేలుకు తోలుండ్రి సార్, సంకెళ్ళు అలవాటైనయి" అన్నాడట.

మూడోది తాడు. అక్కడ కూడా కొత్తవాళ్ళను నడుముకు తాడు కట్టే దింపేవారు. లోపలివాడు ఒకసారి గుంజితే బాగున్నాను అని. పైవాడు ఒకసారి గుంజితే బాగున్నావా అని. లోపలివాడు నాలుగుసార్లు గుంజితే పైకి చేదమని. ఇది చెప్పేటప్పుడు చిన్నాయన నా వైపు చూసేవాడు కాదు, చాటలోకి చూసేవాడు. బావిలో తాడు లెక్క ఎలా ఉంటుందో నాకు తెలియదు. అడగలేదు.

చిలక మూతి చేపలు పగడాన్ని కొరికి తింటాయట. నీళ్ళలో ఆ చప్పుడు కటకటమని వినిపిస్తుందట. "మా అవ్వ మక్కపేలాలు తింటాంది రా" అనేవాడట కట్టయ్య. నీలం, పసుపు, ఎరుపు చేపలు సంతలో జనంలా రాసుకుంటూ పోయేవట. చెయ్యంత మందం పెదాలున్న పెద్ద ఆల్చిప్పలు మనిషి నీడ పడగానే మూసుకునేవట. "ఇంత వెలుతురు ఉంటదా రా నీళ్ళల్ల" అని కట్టయ్య రోజూ అనేవాడట, మొదటిరోజు అన్నట్టే.

మార్చి నెలలో ఒక ఉదయం పదిన్నరకు కట్టయ్య దిబ్బ బయటి అంచున అరవై అడుగుల లోతుకు కొలత టేపుతో దిగాడు. సుందర్ రావు గారు పడవలో కూర్చొని టైము రాసుకుంటున్నారు. తాడు చిన్నాయన చేతిలో ఉంది. సిలిండరుకు పక్కన ఒక కడ్డీ ఉంటుందట. గాలి అయిపోవస్తే ఊపిరి బిగుస్తుంది. అప్పుడు కడ్డీని కిందికి గుంజుకుంటే దాచిపెట్టిన కాస్త గాలి వస్తుంది. ఆ కడ్డీ పగడానికి తగిలి ముందే కిందికి జరిగింది. దాచిపెట్టిన గాలి కూడా కట్టయ్యకు తెలియకుండానే ఖర్చయిపోయింది. పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు. అంత్యక్రియలు ఆ దీవి ఒడ్డునే చేశారు. చిన్నాయన రెండు చొక్కాలు, ఒక దువ్వెన తెచ్చి భద్రమ్మకు ఇచ్చాడు.

ఆమె అడిగింది ఒకటే. "నా కొడుకు తాడు గుంజిండా?"

"లేదవ్వా. తాడు కదలలే" అన్నాడు చిన్నాయన.

ఆ జవాబు ఊరంతా పాకింది. బావి పని చేసిన మనిషి నీళ్ళలో ప్రాణం పోతుంటే తాడు గుంజకుండా ఉంటాడా? కావాలనే గుంజలేదన్నారు. తల్లి మీద అలిగి పోయాడన్నారు. భద్రమ్మ కూడా అదే నమ్మింది. ఏటా ఈస్టర్ తరువాత చిన్నాయన ఆమెను చూడబోయేవాడు, నన్ను వెంట తీసుకుపోయేవాడు. ఆమె నా చేతిలో ఇన్ని పల్లికాయలు పోసి, "లిద్దెమ్మా, మంచిగున్నవా బిడ్డా" అనేది. తరువాత చిన్నాయన వైపు తిరిగి, "నందం, మల్లొకసారి యాది చేసుకో. జరంతన్న కదలలేదా?" అనేది.

"లేదవ్వా."

"నేను పో అన్న. పోయి రా అనలే. అందుకే వాడు తాడు ముట్టలే" అనేది ఆమె. ఆ మాట ఏటికేడు చిన్నదై, చివరికి పెదాలు మాత్రమే కదిలేవి.

తాడు కదిలిందని నాకు తెలుసు. కదలని తాడుకు ఎవరూ జవాబు ఇవ్వరు. మా వాడ బావి దగ్గర చిన్నాయన ఎవరికి పలికాడో నేను చూశాను. కానీ నేను మాట్లాడే మనిషిని కాను. ఏడేళ్ళు పల్లికాయలు తిని ఊరుకున్నాను.

చిన్నాయన ఆ ఏడేళ్ళలో ఒక్క బావిలోనూ దిగలేదు. మోటర్లు విప్పి బాగుచేసేవాడు, గట్టు మీద నుంచే. చర్చిలో పాస్టరుగారు, "సముద్రం నుంచి దేవుడు నిన్ను కాపాడిన సాక్ష్యం చెప్పు" అని ఒక ఆదివారం లేపారు. లేచి నిలబడ్డాడు. అందరూ చూస్తున్నారు. పాటల పుస్తకం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకొని కూర్చున్నాడు. ఇంట్లో పగలు కాసేపు పడుకున్నా అతని ఊపిరి మాకు వినిపించేది. పొడుగ్గా పీల్చి, ఆపకుండా, పొడుగ్గా వదిలేవాడు. ఒక్కోసారి మధ్యలో ఆగేది. అప్పుడు నాయనమ్మ చూపు తగ్గిన కళ్ళు అటు తిప్పి, "లెక్కవెట్టు" అనేది నాతో. నేను మనసులో లెక్కపెట్టేదాన్ని.

ఎనభై నాలుగు మే నెలలో భద్రమ్మ తానే మడికొండకు వచ్చింది. ఆమె బావిలో దూలం విరిగి మోటరు నీళ్ళలో పడింది. మక్క చేను ఎండిపోతోంది. 

"నువ్వే దిగాలె నందం. నా కొడుకు ఉంటే వాడే దిగుతుండె" అంది.

చిన్నాయన చేతిలోని పానా కింద పెట్టాడు. "తాడు మా లిదియా పడ్తది" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

మరునాడు తొమ్మిదింటికల్లా రఘునాథపల్లిలో ఆ బావి గట్టు మీద ఉన్నాం. పదిమంది జమయ్యారు. పక్క చేను వెంకట్రాజం మోటరుకు కట్టే లావుపాటి తాడు, అంటే మోకు, గిరక తెచ్చాడు. మంచివాడే, నోరు ఊరుకోదు. 

"సముద్రం దొర మా బాయిల దిగుతాండా? అద్దాలు, బాతు కాళ్ళు ఏవి? ఆడపిల్ల చేతికి తాడిచ్చి దిగుతానవ్, గంత ధైర్నమా?" 

"నీ చేతికి ఇస్తే బీడీ ముట్టిచ్చుకునేందుకు ఇడిసిపెడ్తవ్" అంది భద్రమ్మ. అందరూ నవ్వారు.

నీళ్ళు మూడు నిలువుల లోతున్నాయి. నల్లగా ఉన్నాయి. చిన్నాయన చొక్కా విప్పి, నడుముకు తాడు కట్టుకున్నాడు. ముడి వేయడానికి మూడుసార్లు పట్టింది. నా చేతిలో తాడు పెట్టాడు. అంతమందిలో మాట్లాడడం నాకు కష్టం. అయినా అడగాల్సి వచ్చింది.

"ఒకసారి గుంజితే ఏందనుకోవాలె చిన్నాయనా?"

అతను నడుము దగ్గరి ముడిని మళ్ళీ బిగించుకోసాగాడు. భద్రమ్మే చెప్పింది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

"ఒక్కసారి గుంజితే పైకి చేదుమని బిడ్డా. నువ్వు గుడ మల్ల ఒక్కసారి గుంజాలె, విన్న, చేదుతాన అని. నీ గుంజుడు ముట్టినంక లోపటోడు ఇగ కదలడు. కాళ్ళు చేతులు కొట్టుకుంటే తాడు చుట్టుకుంటది. రెండు చేతులతోని తాడు పట్టుకొని నిమ్మళంగ ఉంటడు. మా బాయిలల్ల తాతల కాన్నుంచి గదే లెక్క."

నేను చిన్నాయన ముఖం చూశాను. బియ్యం చాట ముందు అతను చెప్పిన లెక్క, ఇప్పుడు ఈమె చెప్పిన లెక్క నా తలలో పక్కపక్కన నిలబడ్డాయి. అక్కడ ఒక గుంజు అంటే బాగున్నాను. ఇక్కడ ఒక గుంజు అంటే పైకి చేదు. తాడును చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాను.

చిన్నాయన మెట్లు దిగి, మోటరుకు కట్టాల్సిన మోకు కొస పట్టుకొని, మునిగాడు. భద్రమ్మ గట్టు మీద కూర్చొని అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, అలవాటు కొద్దీ, పైకి వినిపించేలా. ముప్పై. నలభై. మోకు కదులుతోంది, కింద కడుతున్నాడు. అరవై. మోకు ఆగింది. పని అయిపోయింది, ఇక రావాలి. డెబ్బై. ఎనభై. తొంభై దగ్గర నా తాడు ఒక్కసారి గుంజింది.

నేను ఒక్కసారి గుంజాను. వెంటనే చేదడం మొదలుపెట్టాను. వెంకట్రాజం నా వెనక తాడు అందుకున్నాడు. కింద మనిషి సాయం లేదు. కాలు ఆడించడం లేదు. తడిసిన బస్తాలా బరువుగా వచ్చాడు. నీళ్ళపైకి తేలినప్పుడు చూశాం. కళ్ళు మూసుకొని ఉన్నాడు. రెండు చేతులూ తాడు చుట్టూ బిగించి, గుండెకు ఆనించుకొని ఉన్నాడు. ముఖం నిద్రపోయిన పిల్లవాడిలా ఉంది. ఒక్క క్షణం పోయాడనే అనుకున్నాను. తరువాత దగ్గాడు.

జనం మోకు మీద పడ్డారు. "హైలెస్స" అంటూ మోటరును లాగుతున్నారు. చిన్నాయన మెట్ల మీద కూర్చొని, భద్రమ్మ కాళ్ళ దగ్గర తల పెట్టి మాట్లాడాడు. ఆ గోలలో ఆమె, నేను తప్ప ఎవరూ వినలేదు.

"గుంజిండు అవ్వా. మూడు సార్లు గుంజిండు."

భద్రమ్మ వినడానికి వంగింది.

"ఒక్కొక్కటే గుంజిండు. సారు చెప్పిన లెక్కల ఒకటి అంటే బాగున్న అని. నాకు గదే యాదికున్నది. బాగున్నడు సార్ అన్న. నేను గుడ ఒకటి గుంజిన. మంచిగున్నవా అని అడిగిన నేను. వానికి ముట్టింది వేరే. వాడు బాయి మర్చిపోలే. నేను చేదుతాన అనుకున్నడు. ఆగిండు. మల్ల గుంజిండు, మల్ల జవాబిచ్చిన. మల్ల ఆగిండు. మూడోసారి గుడ గంతే. ఆ తరువాత నేను గుంజితే జవాబు రాలే, అప్పుడు చేదినం. పైకి తెచ్చినప్పుడు రెండు చేతులతోని తాడు పట్టుకొని ఉన్నడు. అప్పుడు సమజైంది నాకు." 

ముఖం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "ఇయ్యాల లిదియా జవాబు ముట్టినంక నేను గుడ ఆగిన. వానికి ఎట్లుండెనో తెలుసుకుందామని. భయం కాలేదు అవ్వా."

"నమ్ముకున్నోనికి భయమేంది" అంది భద్రమ్మ.

మోటరు నీళ్ళు కారుస్తూ పైకి వచ్చింది. ఎవరో ఈలవేశారు. ఆమె నా చేతిలోంచి తడి తాడు తీసుకొని, మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టలు చుట్టసాగింది. చుడుతూనే, తనతో తాను అన్నట్టు అంది. 

"మూడు సార్లు పిలిచిండు. అంటే నా మీద అలిగి పోలే వాడు."



"ఏడేండ్లు నందం" అంది ఆమె. అంతే అంది. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన ఎదురుచూసినట్టు నాకనిపించింది.

మధ్యాహ్నం అన్నం పెట్టింది. ఇద్దరికీ పెట్టింది, అడిగి అడిగి వడ్డించింది. బస్సుకు బయలుదేరినప్పుడు గడప దాకా వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి, "పోయి రా బిడ్డా" అంది. చిన్నాయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన వైపు చూసింది. ఆమె పెదాలు కదిలాయి. మాట వచ్చిందో లేదో నాకు వినిపించలేదు.

బస్సు ఘన్‌పూర్ దాటాక చిన్నాయన అడిగాడు. "పోయి రా అన్నది నీతోనే గదా?"

"ఏమో చిన్నాయనా. సరిగ వినలే" అన్నాను.

భద్రమ్మ రెండేళ్ళ కిందట పోయింది. అప్పటిదాకా మేము ఏటా ఈస్టర్ తరువాత వెళ్తూనే ఉన్నాం. పల్లికాయలు పెట్టేది. ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. అడగని ప్రశ్న ముందు కూర్చోవడం చిన్నాయనకు ఇంకా కష్టంగా ఉండేది. 

రఘునాథపల్లి నుంచి వచ్చిన మరునాడే చిన్నాయన బిందె తీసుకొని, "నీళ్ళకు నేను పోత" అన్నాడు. నేను వెనకే వెళ్ళి నిలబడ్డాను. గిరక తిరిగింది, బొక్కెన నీళ్ళను తాకింది. ఆయన చేతులు బిగుసుకున్నాయి. తాడు గుంజేదాకా ఆగలేదు. అది కదలబోతోందని తోచగానే గబగబా చేదేశాడు. బొక్కెన సగమే నిండి వచ్చింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ సగమే.

ఇప్పటికీ అంతే. మూడు బొక్కెనల బిందె ఆయన చేదితే ఆరు బొక్కెనలవుతుంది. వెనక నిలబడ్డ ఆడవాళ్ళు విసుక్కుంటారు. "జర నిండనియ్యవయ్యా" అంటారు. నేను ఏమీ అనను. ఆయన ఇంట్లోకి పోయాక, మిగిలిన నీళ్ళు నేను చేదుకుంటాను. బొక్కెన నిండి తాడు ఒక్కసారి గుంజినప్పుడు, నా చెయ్యి ఆగబోతుంది. ఆగనివ్వను.